‘లేదు’ అన్న మాటను లేదుగానే వినడం: ఒక పాస్టరల్ కౌన్సెలింగ్ కేసు

మాస్టారు మొదటిసారి నా గదికి వచ్చినప్పుడు చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచారు. సమాధి రాయి చెక్కే మనిషికి ఇవ్వాల్సిన కాగితం అది. పైన పాప పేరు, పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ ఉన్నాయి. వాటి కింద భార్య చేతిరాతతో ఒక వాక్యం: “యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను, యెహోవా నామమునకు స్తుతి కలుగును గాక.” ఆ వాక్యం మీద అడ్డంగా పెన్సిల్ గీత.

“గీత నాదే. మూడు వారాలుగా ఆమె నాతో మాట్లాడడం లేదు. మీరైనా ఆమెకు చెప్పండి అయ్యగారూ” అన్నారు.

నేను ప్రకాశం జిల్లాలో ఒక మిషన్ ఆస్పత్రిలో చాప్లిన్‌గా పనిచేస్తున్నాను. రోగులతో, వారి ఇంటివారితో కూర్చోవడం, ప్రార్థన కోరితే చేయడం, కౌన్సెలింగ్ కోరితే ఇవ్వడం నా పని. ఈ కేసును రాయడానికి దంపతులిద్దరూ అనుమతి ఇచ్చారు. వారిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. సంభాషణలు మాత్రం అదే రాత్రి కూర్చుని జ్ఞాపకం నుంచి రాసుకున్నవి. మా శిక్షణలో దీన్ని వెర్బాటిమ్ అంటారు. 1925లో అమెరికాలోని వూస్టర్ మానసిక చికిత్సాలయంలో వేదాంత విద్యార్థులకు శిక్షణ మొదలుపెట్టిన ఆంటన్ బోయిసన్, గ్రంథాలను చదివినంత శ్రద్ధగా మనుషులను చదవాలని నేర్పాడు. ఆయన స్వయంగా మానసిక రోగిగా ఆస్పత్రిలో గడిపినవాడు. అందుకే ఆ మాటకు బరువు ఉంది.

నేపథ్యం

మాస్టారికి 41 ఏళ్లు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతారు. బాప్టిస్టు సంఘంలో ఎనిమిదేళ్లుగా కోశాధికారి. భార్య ఇంటి దగ్గర బట్టలు కుడతారు, స్త్రీల సమాజానికి కార్యదర్శి. పాపకు పదకొండేళ్లు, బాబుకు ఏడు.

వారి కుటుంబంలో ఒక మాట తరతరాలుగా వస్తోంది: ముత్తాత తండ్రి గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మం పొందినవారిలో ఒకరని. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లి రేవులో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ ప్రాంతపు క్రైస్తవులకు అది పుట్టినరోజు లాంటిది. నేను ఆ రోజు గురించి తలచుకునేది మాత్రం వేరే సంగతి. అంతకుముందు కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ పని నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. గంజి కోసం వచ్చారన్న మాట ఎవరూ అనకూడదని, నమ్మినవాడే రావాలని. అంటే మా సంఘాల పునాదిలోనే ఈ ప్రశ్న ఉంది: ఈ మనిషి ‘నమ్ముచున్నాను’ అంటున్నది తన మాటేనా? తర్వాతి తరాల్లో ఆ ప్రశ్న పలచబడింది. పల్లెకు పల్లె కలిసి వచ్చిన విశ్వాసంలో ఒక మనిషి ఒంటరిగా ‘నాకు లేదు’ అనడానికి చోటు ఎక్కడ? అలా అన్నవాడికి పోయేది విశ్వాసం ఒక్కటే కాదు. ఆదివారం భోజనాలు పోతాయి, పెళ్లి సంబంధాలు పోతాయి, చనిపోతే మోసే భుజాలు పోతాయి.

మాస్టారు పదిహేనో ఏట, వేసవి బైబిలు బడి అయ్యాక, మరో ఆరుగురు పిల్లలతో కలిసి బాప్తిస్మం తీసుకున్నారు. “నీళ్లు చల్లగా ఉన్నాయన్నదే గుర్తుంది” అన్నారు ఒకసారి.

జరిగింది

అక్టోబరులో పాపకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులు కాసింది. డెంగీ అని పరీక్షలో తేలింది, ఇంట్లోనే ఉంచి చూస్తున్నారు. ఇంట్లో మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టారు. ఐదో రోజు, ఆదివారం తెల్లవారేసరికి, ఒళ్లు చల్లబడింది. జ్వరం లేదు. మాస్టారు ఆరాధనకు వెళ్లి సాక్ష్యం చెప్పారు. మైకు పట్టుకుని, కన్నీళ్లతో, బిడ్డను ముట్టి స్వస్థపరచిన దేవునికి స్తోత్రం చెప్పారు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. సరిగ్గా ఆ సమయంలో పాప ఇంట్లో కడుపు పట్టుకుని వాంతులు చేసుకుంటోంది.

డెంగీలో జ్వరం తగ్గడం గండం గడిచినట్టు కాదు. చాలామందిలో ఇబ్బంది ఏమీ లేకుండానే తగ్గిపోతుంది. కొందరిలో మాత్రం జ్వరం దిగిన ఆ ఒకటి రెండు రోజుల్లోనే రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి ఊరిపోతుంది, రక్తపోటు పడిపోతుంది. ఆగకుండా వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, చిగుళ్లలోంచి రక్తం, మగత, చల్లబడిన చేతులు కాళ్లు ప్రమాద సూచనలు. ఆ ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు. రాత్రికి ఆస్పత్రిలో చేర్చారు. మంగళవారం పాప చనిపోయింది.

ఆదరణ కూడికలో ఒక ప్రార్థనాపరురాలు “ఈ ఇంట్లో ఎవరిలోనో అవిశ్వాసం ఉంది, అందుకే కార్యం ఆగిపోయింది” అన్నారట. ఆమె దుర్మార్గురాలు కాదు. అర్థం కానిదానికి కారణం వెతుక్కున్నారు. కానీ ఆ ఒక్క మాట ఆ ఇంట్లో దిగబడిపోయింది.

మొదటి నెల: నా తప్పు

మొదటి రోజు నేను మాస్టారి కథ విన్నాను, అంతవరకు బాగానే ఉంది. రెండో సమావేశంలో ఆయన సూటిగా చెప్పారు: “నాకు దేవుడు ఉన్నాడన్న నమ్మకం లేదు. కోపం కాదు. కోపమైతే ఎవరిమీదో ఉండాలి కదా.” దానికి నేను చేసింది ఇది. ఆ రాత్రి రాసుకున్నది రాసుకున్నట్టే ఇస్తున్నాను.

నేను: ప్రభువు తిరిగి లేచాడంటే శిష్యుడు తోమా కూడా నమ్మలేదు కదా మాస్టారూ. ప్రభువు ఆయన్ని తోసేయలేదు.
మాస్టారు: తోమాకు చేతులు చూపించారు.
నేను: మార్కు సువార్త తొమ్మిదిలో ఒక తండ్రి ఉన్నాడు. “నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము” అన్నాడు. ఆయన కూడా బిడ్డ కోసమే వచ్చాడు.
మాస్టారు: (చాలాసేపు మాట్లాడలేదు) ఆయన బిడ్డ లేచాడు.
నేను: మదర్ థెరిసా ఉత్తరాలు 2007లో అచ్చయ్యాయి. ఆమె కూడా దాదాపు అర్ధశతాబ్దం పాటు దేవుని సన్నిధి తెలియని చీకటిలోనే...
మాస్టారు: అయ్యగారూ, నేను లేదంటే మీరు ఉందని వింటున్నారు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆయన చెప్పింది నిజం. ఆయన ‘లేదు’ను ‘ఇప్పటికి లేదు’గా, ‘సగం ఉంది’గా, ‘లోతుగా ఉంది, పైకి కనిపించడం లేదు’గా మార్చడానికి నేను చేతికందిన ప్రతి తాడూ విసురుతున్నాను. నెల చివర ఈ వెర్బాటిమ్‌ను మా తోటి చాప్లిన్ల బృందంలో చదివాను. ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న ఒక్కటే: “మునిగిపోతున్నది ఆయనా, నువ్వా?”

విశ్వాస దశల గురించి జేమ్స్ ఫౌలర్ 1981లో ప్రతిపాదించిన సిద్ధాంతాన్ని మేమంతా చదువుకున్నాం. పనికొచ్చే సిద్ధాంతమే. అయితే దాన్ని చేతిలో పెట్టుకున్న కాపరికి ఒక ప్రలోభం ఉంటుంది: ఎదుటివాడి అవిశ్వాసం మరింత పక్వమైన విశ్వాసానికి మెట్టు మాత్రమేనని ముందుగానే తీర్పు చెప్పేయడం. అలా అనుకుంటే మనం ఆ మనిషిని వినడం మానేసి, అతను వచ్చి చేరే చోట కూర్చుని ఎదురుచూస్తుంటాం. మాస్టారి విషయంలో నేను చేసింది అదే.

విడదీయడం

మూడో సమావేశం నుంచి పద్ధతి మార్చాను. ఆయన అవిశ్వాసాన్ని సరిదిద్దే పని పక్కన పెట్టి, దాని చుట్టూ అల్లుకున్న వాటిని ఒక్కొక్కటిగా విడదీయడానికి కూర్చున్నాం.

మొదట శరీరం. మాస్టారు రాత్రి రెండు గంటలకు లేచి కూర్చుంటున్నారు. ఏడు కిలోలు తగ్గారు. తరగతిలో బోర్డు మీద సమీకరణం రాస్తూ మధ్యలో ఆగిపోతున్నారు. పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 17 వచ్చింది, అంటే ఒక మోస్తరు దాటిన డిప్రెషన్. చనిపోవడం గురించిన ప్రశ్నకు ‘కొన్ని రోజులు’ అని గుర్తు పెట్టారు. ఆ రోజే మా ఆస్పత్రి మానసిక వైద్యుడి దగ్గరికి స్వయంగా తీసుకెళ్లాను. మందులు మొదలయ్యాయి. విశ్వాసం గురించి గానీ, సంఘం గురించి గానీ మూడు నెలల వరకు ఏ నిర్ణయమూ తీసుకోవద్దని అడిగాను. ఒప్పుకున్నారు. ఈ కేసులో నేను చేసిన పనులన్నిటిలో బాగా పనికొచ్చింది ఇదేనని ఇప్పటికీ అనుకుంటాను.

తర్వాత దోషభావం. “నేను మైకు దగ్గర ఉన్నాను” అన్నది ఆయన మాటల్లో మళ్లీ మళ్లీ వచ్చేది. దీనికి వాక్యంతో జవాబు చెప్పకూడదని నిశ్చయించుకుని, మా ఆస్పత్రిలోని పిల్లల డాక్టరును ఒక గంట సమయం అడిగాను. ఆమె పాప కాగితాలన్నీ ముందు పెట్టుకుని, ప్లేట్‌లెట్ల లెక్క, రక్తపోటు, గంటల వరుస ఓపికగా చెప్పారు. ఆదివారం ఉదయమే తీసుకొచ్చి ఉంటే బతికే అవకాశం పెరిగేదని దాచకుండా చెప్పారు. తల్లిదండ్రులు పొరపడే చోటు సరిగ్గా ఇదేనని, ఈ కాలంలో తన దగ్గరికి ఇలా వచ్చేవారు చాలామంది ఉంటారని కూడా చెప్పారు. మాస్టారు బల్ల అంచు పట్టుకుని విన్నారు. బయటికి వచ్చాక వరండాలో నిలబడి ఏడ్చారు. నిజం తెలిశాక వచ్చిన ఏడుపు అది. అప్పటిదాకా ఆయన ఒక్క చుక్క కూడా ఏడవలేదని తర్వాత భార్య చెప్పారు.

ఆ తర్వాత నేను అడిగిన ప్రశ్న: “మాస్టారూ, నమ్మకం లేదని అనడం మీకు మీరు వేసుకున్న శిక్షా? పాపను పోగొట్టుకున్నవాడికి దేవుడు కూడా ఉండకూడదనా?” వారం రోజులు ఆలోచించి వచ్చి, “కొంతకాలం అలాగే ఉందేమో. ఇప్పుడు కాదు” అన్నారు.

నాలుగో నెలకు నిద్ర వచ్చింది. ఆకలి వచ్చింది. ప్రశ్నావళిలో అంకె 6కు దిగింది. బోర్డు మీద సమీకరణాలు చివరిదాకా వెళ్తున్నాయి. నమ్మకం మాత్రం రాలేదు. దుఃఖం తెరపి ఇస్తే విశ్వాసం దానంతట అదే వస్తుందని నేను లోలోపల ఎంతగా ఆశపడ్డానో అప్పుడు తెలిసింది. ఆ అంకె తగ్గిన రోజు నాకు సంతోషం కంటే నిరాశ ఎక్కువ కలిగింది. ఆ సంగతి నోట్సులో అలాగే రాసుకున్నాను.

ఆ రోజుల్లోనే ఆయన ఒక ప్రశ్న అడిగారు. వారి ఇంటి గుమ్మం పైన, మన ఇళ్లలో చాలాచోట్ల ఉండే, బైబిల్లో యెహోషువ చెప్పిన వాక్యమే ఉంది: “నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము.” ఒకరోజు మాస్టారు దాన్ని తీసి బీరువా మీద పెట్టారు. సాయంత్రానికి భార్య మళ్లీ తగిలించారు. “యెహోషువ తన సంగతి చెప్పుకున్నాడు, బాగుంది. నా యింటివారు అని వాళ్ల తరఫున ఎలా చెప్పాడు అయ్యగారూ?” అదే వచనం మొదట్లో ఎవరిని సేవిస్తారో మీరే కోరుకోండని యెహోషువ ప్రజలతో అంటాడు. గుమ్మాల మీద ఆ సగం ఎవరూ రాయించరు. నేను ఆ రోజు జవాబు చెప్పలేదు, ప్రశ్నను నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

భార్య

ఆమెను ఒంటరిగా కలవడానికి ఐదో నెల దాకా ఆగాను. అది రెండో తప్పు. మొదటి నెలలోనే కలవాల్సింది. భర్తకు నమ్మకం పోయింది, భార్యకు ఉంది, కాబట్టి సాయం కావలసింది భర్తకే అని తేలిగ్గా అనుకున్నాను.

ఆమె కుట్టుపని చేసే చేతులతో చీర కొంగు అంచును మడుస్తూ, విప్పుతూ కూర్చున్నారు. పాప ఆ వేసవిలో బాప్తిస్మం అడిగిందట. “పన్నెండు నిండనీ అన్నాను. నేనే ఆపాను” అన్నారు. అర్థం తెలిసి ఒప్పుకునే వయసు రాని బిడ్డలను దేవుడు తోసేయడని మా సంఘాల బోధ. ఆమెకూ తెలుసు, స్త్రీల సమాజంలో ఆమే ఎందరికో చెప్పారు. తన బిడ్డ దగ్గరికి వచ్చేసరికి అది నిలబడలేదు. మా ఇద్దరి మధ్య చాలాసేపు ఆ మాటే నడిచింది.

తర్వాత అసలు సంగతి వచ్చింది.

“ఆయన నమ్మకపోతే రేపు అక్కడ మేం ముగ్గురమే ఉంటాం. పాప నాన్న ఏడని అడగదా అయ్యగారూ?”

పెన్సిల్ గీత గొడవ ఇదీ. ఆమెకు ఆ గీత వాక్యాన్ని కొట్టేయడంలా కనిపించలేదు. నేను మీతో రాను అని భర్త చెప్పినట్టు కనిపించింది. అప్పటినుంచి ఆమె ఇద్దరి నమ్మకాన్నీ ఒక్కతే మోస్తున్నారు. భోజనం ముందు ప్రార్థన ఆయన వంతు వస్తే తానే గబగబా చేసేస్తున్నారు. ఆయన ప్రభువు బల్లలో, అంటే రొట్టె ద్రాక్షారసం పంచుకునే ఆరాధనలో, పాలుపొందని ఆదివారాల్లో ఒంట్లో బాగాలేదని అందరికీ చెబుతున్నారు. నరకం గురించి, పరలోకం గురించి నేను ఆమెకు ఏ హామీ ఇవ్వలేదు. ఆ తాళపుచెవులు నా దగ్గర లేవు. “అమ్మా, ఆయన తరఫున నమ్మే బాధ్యత దేవుడు మీకు ఇచ్చాడని ఎక్కడైనా చదివారా?” అని మాత్రం అడిగాను. చాలాసేపటి తర్వాత ఆమె కొంగు వదిలేసి, “అలసిపోయాను” అన్నారు.

కీర్తనల్లో 88వది ఒకటుంది. మిగతా విలాప కీర్తనల్లో చాలావరకు ఎక్కడో ఒకచోట స్తుతి వైపు తిరుగుతాయి. ఇది తిరగదు. చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది. ఆమె ఇంటికి వెళ్లేముందు దాన్ని చదివి వినిపించాను. ఇది బైబిల్లో ఉందా అని ఆశ్చర్యపోయారు. విశ్వాసం నిలబడినవారికి కూడా ఏడవడానికి చోటు కావాలి. స్తోత్రం తప్ప మరో మాట రాకూడదన్న మన సంఘాల అలవాటు ఆమెకు ఆ చోటు ఇవ్వలేదు.

నిర్ణయం

మూడు నెలల గడువు దాటి మరో రెండు నెలలు గడిచాక మాస్టారు తన నిర్ణయం చెప్పారు. నమ్మకం లేదు. ఉన్నట్టు నటించరు. సంఘంలో కోశాధికారిగా ఉండరు. సభ్యుల పట్టీ నుంచి పేరు తీసేయమని అడుగుతారు. భార్యా పిల్లవాడూ వెళ్లడానికి అడ్డు చెప్పరు.

ఆయన ఒక శనివారం లెక్కల పుస్తకం పాస్టరు గారికి అప్పగించారు. ఎనిమిదేళ్ల కానుకలు రూపాయితో సహా సరిపోయాయి. పాస్టరు గారు ఏడ్చారు. పెద్దల్లో ఒకరిద్దరు కఠినంగా మాట్లాడారు. ఇళ్లకు పిలుపులు తగ్గాయి. మన రాజ్యాంగం 25వ అధికరణంలో అంతఃకరణ స్వేచ్ఛ అని రాసి ఉంది. ఆ మాటకు ఒక పేటలో ఎంత ఖరీదు పడుతుందో మాస్టారి ఇంట్లో చూశాను.

చివరి మూడు సమావేశాలు ఇద్దరితో కలిపి జరిగాయి. ఎక్కువసేపు రాయి గురించే మాట్లాడుకున్నాం. ఇక్కడి సమాధుల మీద వాక్యం కింద సాధారణంగా ‘తల్లిదండ్రులు’ అని చెక్కిస్తారు. మాస్టారికి కుదరనిది అదే. ఆ వాక్యం కింద తన పేరు ఉంటే అది అబద్ధ సాక్ష్యం అవుతుంది, అలాంటిది ఒకసారి చెప్పాను, చాలు అన్నారు. వాక్యం లేకుండా బిడ్డను మట్టిలో వదలలేనని ఆమె అన్నారు. నేను మధ్యలో ఏ సూచనా చేయలేదు. చేయాలని నోటిదాకా వచ్చింది.

“అయితే కింద నా ఒక్కదాని పేరే పెట్టించండి” అన్నారు ఆమె.

మాస్టారు జేబులోంచి అదే కాగితం తీశారు. మడతల దగ్గర చిరిగిపోతోంది. నా బల్ల మీది రబ్బరు తీసుకుని గీతను తుడిచారు. వాక్యం కింద ‘అమ్మ’ అని రాశారు. తర్వాత పాప పేరుకు పైన ‘మా పాప’ అని రాసి, “ఇది ఇద్దరిదీ” అన్నారు.

రాయి సంవత్సరీకానికి ముందు నిలబెట్టారు. నేనూ వెళ్లాను. ఆమె ప్రార్థన చేస్తున్నంతసేపూ మాస్టారు తల వంచలేదు, పక్కకు తప్పుకోలేదు. అయ్యాక బకెట్టుతో నీళ్లు తెచ్చి రాతి మీద సిమెంటు మరకలు కడిగారు.

మా బృందంలో ఈ కేసు చదివినప్పుడు ఒక తోటి సేవకుడు బాధతో అడిగారు: “తప్పిపోయిన గొర్రెను వెతికే కాపరివి కదా, తలుపు నువ్వే తీసి పంపించావా?” ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. నేను నమ్మేవాణ్ని. క్రీస్తు లేచాడని నమ్ముతాను, పాపను మళ్లీ చూస్తామని నమ్ముతాను. అందుకే మాస్టారి నిర్ణయం నాకు నొప్పి. కానీ నా దగ్గరికి వచ్చిన రోజు ఆయన ముందు ఎంపికే లేదు. నమ్మితే సంఘానికి భయపడి నమ్మాలి, నమ్మకపోతే తనను తాను శిక్షించుకోవడానికి నమ్మకుండా ఉండాలి. ఆ రెండూ తొలగాక ఆయన చెప్పినది ఆయన మాట. చాలామంది శిష్యులు వెనక్కి వెళ్లిపోయిన రోజున ప్రభువు పన్నెండుమందిని “మీరు కూడ వెళ్లిపోవలెనని యున్నారా?” అని అడిగాడని యోహాను ఆరో అధ్యాయంలో ఉంది. వెళ్లే దారి నిజంగా తెరిచి ఉంటేనే ఆ ప్రశ్నకు అర్థం ఉంటుంది. నేను రోజూ రాత్రి మాస్టారి కోసం ప్రార్థన చేస్తాను. ఆయనకు చెప్పే చేస్తున్నాను. “అది మీ సంగతి, చేయండి” అన్నారు.

తర్వాత

ఏడాది దాటింది. మందులు ఆపి ఎనిమిది నెలలు. వానాకాలం మొదలు కాగానే మాస్టారు తన బడి నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించారు: “జ్వరం తగ్గిన రోజున మరింత జాగ్రత్త.” దాని కింద ప్రమాద సూచనలు, ఆస్పత్రి ఫోను నంబరు. గుమ్మం మీది వాక్యం గుమ్మం మీదే ఉంది. ఆదివారం ఉదయం ఆయన భార్యనూ బాబునూ బండి మీద చర్చి దగ్గర దించి వస్తారు. ఇంటికి వెళ్లి వంట చేస్తారు.

కిందటి నెల ఫోను చేశారు. బాబుకు ఇప్పుడు ఎనిమిదేళ్లు దాటాయి. బండి దిగుతూ అడిగాడట, నువ్వెందుకు లోపలికి రావని. “నాకు నమ్మకం లేదు నాన్నా. అమ్మకు ఉంది” అని చెప్పారట. “మరి నాకు?” అన్నాడట వాడు.

“ఏం చెప్పారు మాస్టారూ?” అన్నాను.

“ఏమీ చెప్పలేదు. అమ్మ కూడా పక్కనే ఉంది, ఆమె కూడా ఏమీ చెప్పలేదు. గంట కొట్టారు, వాడు లోపలికి పరిగెత్తాడు.”